పక్క సీటు

మధ్యాహ్నం. మెకానిక్ షెడ్డు. రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు జాకీల మీద లేచి ఉంది. దాని కింద బామ్మర్ది, పక్కన స్టూలు మీద కేటలాగు పట్టుకుని బావ.

"థూ! థూ!"

"ఏమైందిరా?"

"నోట్లో తుప్పు పడింది బావా. వేలు పెడితే చాలు, పొట్టులా రాలుతోంది. ఇంకా నయం, పైపు మొత్తం మొహం మీద పడలేదు."

"అందుకేగా కొత్తవి వేయమంటున్నా. కాస్త బయటికి రా, ఈ బొమ్మలు చూడు. మూడు రకాల పొగ గొట్టాలున్నాయి, హెడర్లంటారు. ఇవి స్టీలువి, అద్దంలా మెరుస్తాయట. ఇవేమో తెల్లపూతవి. ఇవి పొడుగు గొట్టాలు, పోటీల బండ్లకు వేసేవి. ఏవి వేద్దాం?"

"బానెట్ మూస్తే ఎవడికి కనబడుతుంది ఆ మెరుపు?"

"తెరిచి చూపిస్తాం గదా."

"ఎవరికి?"

"అడిగినవాళ్ళకి."

"అడగనివాళ్ళని కూడా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపిస్తావు నువ్వు. నాకు తెలీదా?"

"సరే, మెరుపు సంగతి వదిలెయ్. శబ్దం? ఈ పొడుగువి వేస్తే మూడు వీధుల అవతలికి వినబడుతుందట."

"మూడు వీధులవాళ్ళు ఏం పాపం చేశారు? నిండుకుండ తొణకదంటారు. నీ బండి ఎందుకు తొణుకుతోందో ముందు చూడనీ."

"ఒరేయ్, రేపు పొద్దున్నకి కావాలి. గుర్తుందిగా? రేపటితో మా పెళ్ళయి పాతికేళ్ళు. మీ అక్క ఈ కారులో కూర్చుంటానంది. ఎనిమిదేళ్ళ తర్వాత!"

"షరతు పెట్టిందన్నావు గదా."

"పెట్టింది. మా తమ్ముడు చూసి సరే అంటేనే ఎక్కుతా అంది. అందుకేగా నీ దగ్గరికొచ్చింది. నువ్వొక్క ముక్క సరే అను చాలు."

"అదీ సంగతి! లేకపోతే పదకొండేళ్ళ తర్వాత నా షెడ్డు నీకెందుకు గుర్తొస్తుంది?"

"పాతవి తవ్వకురా."

"నువ్వు తవ్విన గోతిలోనే పడుకుని ఉన్నా బావా, తవ్వక ఏం చేయను? కంపెనీ ఇచ్చిన పోత ఇనుప మేనిఫోల్డ్ రాయిలా ఉండేది. ఇంజన్ పొగ బయటికి పోవడానికి అది చాలదా? అది పీకేసి ఈ సన్న గొట్టాలు పెట్టమన్నావు. పెట్టనన్నా. అలిగి వెళ్ళిపోయావు."

"నీకు చేతకాదనుకున్నా."

"చేతనైనవాడు ఎవడు బిగించాడు మరి?"

"పెద్ద రోడ్డు మీద ఉండేవాడు గదా, గాజు తలుపుల షాపు..."

"ఎర్రటోపీవాడా?"

"వాడే. మంచి పేరుండేది అప్పట్లో."

"ఛీ! వాడిదొక పనా? పైన పటారం, లోన లొటారం. ఈ పైపులకి గుడ్డపట్టీ చుట్టింది కూడా వాడేనా?"

"వేడి బయటికి రాకుండా అన్నాడు. పోటీల బండ్లకి చుడతారట."

"చుడతారు. విప్పి చూసుకుంటారు కూడా. పుండుకి కట్టు కట్టి పదకొండేళ్ళు విప్పకపోతే ఏమవుతుందో అదే అయింది. తడంతా పట్టుకుని లోపల కుళ్ళిపోయింది. అబ్బ, ఈ కంపు! ఆ టార్చి ఇలా ఇవ్వు."

"ఇదిగో. ఆ తెల్లపూతవి మాత్రం తుప్పు పట్టవట రా. రాసుంది ఇక్కడ."

"బావా."

"ఊఁ."

"ఆ పుస్తకం మూసి ఇలా వంగు."

"నడుం పట్టేసిందిరా, నువ్వే చెప్పు."

"వంగమన్నానా! చూడు. పైపు ఇంజన్‌కి ఆనే చోట గోరు దూరేంత సందుంది. పొగంతా ఇక్కడి నుంచే కొడుతోంది. ఇంజన్‌కీ సీట్లకీ మధ్య ఉన్న రేకు చూడు, ఎంత మసో!"

"పాత బండన్నాక ఆమాత్రం మసి ఉండదా?"

"మసి ఉండటం కాదు. ఎటు వెళ్ళిందో చూడు. చారలాగా, తిన్నగా ఆ రంధ్రంలోకి."

"అదేం రంధ్రం?"

"మొదట్లో స్టీరింగ్ అటువైపు ఉండేది గదా. నువ్వు కొన్నాక ఆ ఎర్రటోపీవాడి చేత ఇటు మార్పించావు. పాత కడ్డీ తీసేశారు, రంధ్రం అలాగే వదిలేశారు. లోపల దాని మీద ఏముంది?"

"కార్పెట్. ఎర్రది, అతికించింది. ఎంత వెతికి తెచ్చానో దాన్ని!"

"ఎవరి కాళ్ళ దగ్గర?"

"ఏంటి?"

"ఆ రంధ్రం ఎవరి కాళ్ళ దగ్గర తేలుతుంది బావా?"

"పక్క సీటు."

"పక్క సీట్లో ఎవరు కూర్చునేవాళ్ళు?"

"తెలిసే అడుగుతున్నావు."

"ప్రతి ఆదివారం. మూడేళ్ళు. తలనొప్పి అనేదా అక్క?"

"అనేది. ఇంట్లో కూడా అంటుంది. కుట్టుమిషను మీద రోజంతా వంగితే రాదా?"

"కడుపులో తిప్పేదా?"

"ఒకసారి వాంతి చేసుకుంది. సీటు మీద. అసలు తోలు సీటురా అది, వాసన నెలరోజులు పోలేదు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? బండి పడదు నీకు, వేషాలు అన్నా. మా అమ్మ కూడా అదే అంది."

"కార్పెట్ చింపుతున్నా."

"ఒరేయ్, ఒరేయ్, జాగ్రత్త! మెల్లగా, అంచు నుంచి..."

"చింపేశా. చూసుకో దాని అడుగు."

"ఇంత నల్లగా ఉందేంటి!"

"ముట్టుకో."

"వద్దులే."

"ముట్టుకో బావా. పొయ్యి గొట్టంలో ఉండాల్సిన మసి అది. అక్క పాదాల కింద ఉంది. ఈ పొగకి వాసన లేకపోయినా మనిషిని తీసుకుపోతుంది, తెలుసా? తల తిరిగి, కడుపులో తిప్పి, మత్తుగా నిద్రొస్తుంది. ఆ నిద్రలో పోయినవాళ్ళున్నారు. అక్క వేషాలు వేసిందా?"

"నాకెలా తెలుస్తుందిరా? నాకెప్పుడూ ఏం కాలేదు!"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

"ఒక్కడినే వెళ్తే అద్దాలు రెండూ దించేస్తాలే. శబ్దం బాగా వినబడాలి గదా."

"అక్క ఉంటే?"

"తనుంటే ఎక్కించేసేవాణ్ణి. దుమ్ము. తనేమో ఊరుకునేది కాదు, తన వైపుది దించేది. వానలో కూడా! తలకాయ బయటపెట్టి కూర్చునేది, బస్సులో చిన్నపిల్లలా. సీటు తడిసిపోతోంది మూయవే అంటే వినేది కాదు. దాని మీద ఎన్ని గొడవలో!"

"ఛీ."

"ఏంట్రా ఛీ?"

"ఊపిరాడక తల బయట పెడితే, సీటు తడుస్తుందని తిట్టావు. ఛీ. మాట్లాడకు కాసేపు. నీ వైపు చూడనీ."

"నా వైపు ఏముంది?"

"కొత్త స్టీరింగ్ కడ్డీ చుట్టూ సందుండాలి. ఎర్రటోపీవాడు దాన్ని మాత్రం వదలకుండా ఉంటాడా? ఇదిగో, ఉంది. కానీ..."

"కానీ?"

"బావా, దీన్ని మూశారు."

"మూశారా?"

"బిర్రుగా. వెంట్రుక దూరే సందు లేదు. చుట్టూ వెండికాగితం, లోపల ఏదో గుడ్డ. ఎంత చక్కగా కుక్కావు!"

"నేనా? నేను కుక్కలేదు."

"నీ కాళ్ళ వైపు చిల్లు మూసుకుని, అక్క వైపు తెరిచి పెట్టావు."

"ఒట్టు, నాకు తెలీదురా!"

"ఇంకా అబద్ధమా? పెళ్ళాం పీల్చే పొగ నీకు రాకుండా మూసుకుని, పైగా వేషాలని పేరు పెట్టావు. ఇన్నేళ్ళుగా నూనెలో, మురికిలో చేతులు పెడుతున్నా గానీ, ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు. లే. ఆ పుస్తకం తీసుకుని వెళ్ళు. నీ బండిని నేను ముట్టుకోను."

"నేను కాదంటున్నానా! ఎర్రటోపీవాడే మూసి ఉంటాడు."

"వాడా? ఒక నట్టు బిగిస్తే రెండు వదిలేసే రకం వాడు. ఉండు, పీకి చూపిస్తా నీ పనితనం... అబ్బ, రావట్లేదు. ఎంత గట్టిగా... ఆఁ, వచ్చింది."

"విప్పు. విప్పి చూడు. నాది కాదని నీకే తెలుస్తుంది."

"గుడ్డే. మడత మీద మడత. వీటిని కుట్టారు కూడా. మిషను కుట్టు."

"మిషను కుట్టా?"

"రెండు వరుసల కుట్టు. మధ్యలో కాలరు గుడ్డ పెట్టి... బావా, ఇది అక్క కుట్టు."

"ఇలా ఇవ్వు."

"కాలరు మడత ఇలా తిప్పి కుట్టేది అదొక్కతే."

"ఇవ్వమన్నానా! ఇది... ఇది నా గళ్ళచొక్కారా."

"ఏ గళ్ళచొక్కా?"

"నీలం గళ్ళది. కనబడట్లేదని ఇల్లు పీకి పందిరేశా. చాకలికి వేసి పోగొట్టావని మీ అక్కని వారం రోజులు తిట్టా. ఒక్క మాట ఎదురు చెప్పలేదు."

"అక్క మూసిందా నీ వైపు?"

"నేను నిద్రపోతున్నప్పుడు చేసుంటుంది. లేకపోతే నేనసలు తాళాలే ఇవ్వను గదా."

"మరి తన వైపు ఎందుకు మూసుకోలేదు?"

"కార్పెట్ చింపాలి గదరా."

"చింపితే?"

"నేను ఊరుకుంటానా?"

"ఊరుకోవు."

"తిట్టరా నన్ను."

"తిడితే ఈ చిల్లు మూసుకుంటుందా బావా?"

"పోనీ ఈ కేటలాగు చించి పారెయ్. నాకేం వద్దు. ఆ పాత ఇనుపదే దొరికితే బిగించు. ఎక్కడైనా దొరుకుతుందా?"

"ఆ అటక మీదుంది. నీదే. ఎర్రటోపీవాడు తుక్కులో వేస్తే తెచ్చి దాచా."

"దాచావా? ఇన్నేళ్ళూ?"

"ఎప్పటికైనా చేతులు కాల్చుకుని వస్తావని. కాలిన చేతులు నీవి కాదులే."

"రంధ్రాలు కూడా మూసెయ్. రేకు పెట్టి, గట్టిగా. రేపటికి అవుతుందా?"

"అవుతుంది."

"అయితే సరే అని మీ అక్కకి నువ్వే చెప్పు. నా నోటితో చెప్తే నమ్మదు. ఎందుకు నమ్ముతుంది? నేనైనా నమ్మను. అసలు పొగ వస్తోందని ఒక్కసారి నాతో అని ఉంటే..."

"అనలేదా?"

"అంది. ఎన్నోసార్లు అంది. పాత బండి వాసన, అదే దాని అందం అన్నా. థూ, నా బతుకు!"

"ఊరుకో. ఈ చొక్కా ఎప్పుడు పోయింది బావా?"

"అవన్నీ ఇప్పుడెందుకు?"

"ఎప్పుడు?"

"పైపులు వేయించిన మరుసటి యేడు. వానాకాలం. తల బయటపెట్టి మరీ తడిసింది అప్పుడే. ఎందుకురా?"

"వానాకాలమా..."

"ఏంటి, ఆ స్టూలు వైపు అలా చూస్తున్నావు?"

"ఆ వానల్లో అక్క ఒకసారి ఇక్కడికొచ్చింది. ఈ స్టూలు మీదే కూర్చుంది. గొడుగు కూడా మూయలేదు."

"నాకు చెప్పలేదే!"

"తన దుకాణానికి బట్టలు కుట్టించుకోవడానికి ఎవరో ఒకావిడ వస్తుందట. ఆవిడ మొగుడి బండిలోకి పొగ వస్తోందట. మొగుడు వినట్లేదట. ఏం చేయాలిరా అని అడిగింది."

"ఆవిడ ఎవరు?"

"ఎవరేంటి బావా?"

"అంటే... తన సంగతేనా!"

"నేనేమో గేరుబాక్సు విప్పుకుని కూర్చున్నా. చేతిలో పనుంది, విసుగ్గా ఉంది. తల కూడా ఎత్తలేదు. డ్రైవరుకి మత్తొస్తే ఇద్దరూ పోతారు, ముందు డ్రైవరు వైపు స్టీరింగ్ కడ్డీ చుట్టూ చిల్లు మూయమను అన్నా. ఏం పెట్టి మూయాలి అంది. మందపాటి గుడ్డ మడతలు పెట్టి కుట్టి, వెండికాగితం చుట్టి కుక్కమను అన్నా."

"నువ్వు చెప్పావా!"

"నేనే చెప్పా."

"ఇంకేం అడగలేదా?"

"అడిగింది. గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి అడిగింది."

"ఏమని?"

"మరి పక్కన కూర్చునే మనిషి సంగతేంటిరా అని."

"నువ్వేమన్నావు?"

"నవ్వాను బావా. ఆవిడదేముందక్కా, అద్దం దించుకుని తల బయట పెట్టుకోమను, అన్నాను."