రాజుగారు నా దీవిని దూరం జరిపిన వైనం

నాలో ఒక సుగుణం ఉంది. నేను నిజాన్ని ఎప్పుడూ ఒంటిమీద గుడ్డల్లేకుండా బయటికి పంపను. మా సముద్రం గాలికి అది జబ్బు పడుతుందని నాలుగు బట్టలు తొడిగి, నెత్తిన టోపీ పెట్టి, చేతికి ఓ కర్ర కూడా ఇచ్చి పంపుతాను. ఓర్వలేనివాళ్ళు దాన్ని కోతలంటారు.

ఆ ఆదివారం పూజ అయ్యాక చర్చి వసారాలో వానకి ముగ్గురం నిలబడిపోయాం. నేనూ, కమ్మరి కేతిల్, పెద్ద పొలం రాన్‌వైగ్ వదినా. పునీతులందరి పండుగ ఇంకో పన్నెండు రోజుల్లో పడింది. ఆ పండుగ లోపల ప్రతి ఇంటివాడూ బీరు కాచాలి, కాచింది ఒక్కడే తాగకుండా మూడిళ్ళవాళ్ళు ఒకచోట చేరి క్రీస్తు పేరా మరియమ్మ పేరా తాగాలి. ఇది మాకు క్రీస్తు మతం తెచ్చిన రాజు పెట్టిపోయిన చట్టం. రాజు పోయి ఎన్నేళ్ళైనా చట్టం పోలేదు. దూరపు దీవిలోనో కొండ మీదో ఉండి రాలేనివాడికి మాత్రం ఒక సడలింపు ఉంది: వాడు ఒక్కడే కాచుకోవచ్చు, కాకపోతే ముగ్గురి పాలూ వాడే కాచాలి. మా ఆవిడ సిగ్రిద్ పోయాక నాలుగేళ్ళుగా నేను ఆ సడలింపు కింద బతుకుతున్నాను.

రాన్‌వైగ్, కేతిల్, ముసలి హావర్డ్ ఒక జట్టు. హావర్డ్ ఈ వేసవిలో పోయాడు. మూడో చోటు ఖాళీ. పోయినవాడి చోటుకి ఎవర్నీ పిలవకూడదని మా దగ్గర పట్టింపు. పిలిస్తే చావుని పిలిచినట్టట. కావలసినవాడే వచ్చి నోరు తెరిచి అడగాలి. అందుకే నేను వాన వంక పెట్టుకుని అక్కడ నిలబడ్డాను. నా పడవకి వానంటే భయం ఎప్పుడూ లేదు.

"ఏం బాబాయ్, ఈ ఏడూ ఒక్కడివే మూడు పీపాలు లాగిస్తావా?" అన్నాడు కేతిల్.

అడగడానికి అంతకంటే మంచి సందు ఏ మనిషికీ దొరకదు. నేను నోరు తెరిచాను.

"లాగించక! అసలు ఆ చట్టంలో ఆ ముక్క ఎవరి కోసం రాశారనుకున్నావురా?"

"ఎవరి కోసం?"

"చెబితే గొప్పలంటావు. నేను చేసింది చిన్న సాయం. పొగమంచులో రాజుగారి ఓడ మా దీవి వెనక రాళ్ళలోకి వచ్చేస్తోంది, నేను ఒడ్డున నిలబడి 'ఎడమకి, ఎడమకి' అని అరిచాను. అంతే. నోరున్న ఎవడైనా అరుస్తాడు."

"అదైతే నమ్ముతాను," అన్నాడు కేతిల్. "నోరుంది కదా."

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? రాజు దిగాడు, వెనకాల బిషప్పు, ఆ వెనక నలభైమంది గొడ్డళ్ళవాళ్ళు. తల వంచితే నీళ్ళు పోస్తారు, వంచకపోతే గొడ్డలి. నేను వాళ్ళు అడక్కముందే వంచాను, నా మెడంటే నాకు మొదట్నుంచీ అభిమానం. జ్ఞానస్నానం అయ్యాక ఇంటికొచ్చినవాళ్ళని ఊరికే పంపుతామా, నా బీరు పోశాను. రాజు ఒక గుక్క తాగి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఎందుకయ్యా అంటే, 'పాత దేవుళ్ళకి పోస్తున్నారని దేశంలో బీరంతా మాన్పించేద్దామని బయల్దేరాను, ఇప్పుడేం చేసేది' అన్నాడు. నేను భుజం తట్టి, 'రాజా, పీపా కదపకు, దాని మీద పేరు మార్చు' అన్నాను."

"రాజు భుజమే తట్టావా?"

"మెత్తగా తట్టాన్లే."

"అప్పటికి నీకెన్నేళ్ళు మరిదీ?" అంది రాన్‌వైగ్.

"పంతొమ్మిది వదినా. గడ్డం మాత్రం నలభై ఏళ్ళది."

కేతిల్ పడీపడీ నవ్వాడు. నాతో ఇదే చిక్కు. ఒకడు నవ్వితే చాలు, నా తెరచాపకి గాలి అందుకుంటుంది.

"బిషప్పు మూడు లోటాలు తాగి మూడు రోజులు పడుకున్నాడు. లేచాక అంతకుముందు రాని లాటిను కూడా వచ్చేసింది. ఆ వాసనకి, అవతలి ఒడ్డున కొయ్యతో చేసిన ఉరుముల దేవుడు ఉండేవాడు చూడు, వాడు పీఠం దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచొచ్చి, 'నాకూ ఓ దోసెడు నీళ్ళు పోయించండయ్యా' అన్నాడు. పోయించాం. ఇప్పుడీ చర్చికి నడిమి స్తంభం ఎవరనుకున్నావు? పాత దేవుళ్ళ పేర తినే గుర్రం మాంసం మాన్పించిందీ నేనే. ఆ రోజు మా గుర్రం వచ్చి నా కాళ్ళకి దండం పెట్టింది."

"నీ దీవిలో గుర్రమెక్కడిది బాబాయ్? మేకకే చోటు చాలదు."

"అప్పుడు దీవి పెద్దది! అక్కడికే వస్తున్నాను. రాజు నా పీపా ఒకటి మహాసభకి మోయించుకుపోయాడు. అక్కడ పెద్దలందరూ కత్తులు దూశారు, పాత మతమా కొత్త మతమా తేలిపోవాలని. అంతలో పీపా మూత తీశారు. నురగ లేచింది, మోకాళ్ళ దాకా, నడుం దాకా, గొంతు దాకా. ఎవడి కత్తి ఎక్కడుందో వాడికే తెలీదు. ఇక ఏం చేస్తారు, తాగుతూ దారి చేసుకున్నారు. పీపా అడుగు కనిపించేసరికి దేశమంతా ఒక మాట మీద ఉంది. ఆ పూట ముగ్గురేసి కూర్చుని తాగారు కనుకే ఇవాళ మూడిళ్ళ చట్టం. ఆ తర్వాత రాజు, 'ఆస్‌గౌట్, నువ్వు ఒడ్డుకి దగ్గరగా ఉంటే జనం నిన్ను బతకనివ్వరు, పీపాలు ఖాళీ చేస్తారు' అని, ఓడలకి తాళ్ళు కట్టించి నా దీవిని ఈ చివర నుంచి ఆ చివరికి లాగించాడు. లాగేటప్పుడే సగం విరిగిపోయింది. గుర్రం ఆ సగంలో ఉంది. దూరపు దీవివాడు రానక్కర్లేదు అన్న ముక్క ఆ రోజు నా కోసం రాయించిందే. రాజు చేసిన మర్యాద కాదనలేక ఒక్కణ్ణే తాగుతున్నాను గానీ..."

కేతిల్ స్తంభానికి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. రాన్‌వైగ్ నవ్వలేదు.

"దీవి ఎక్కడికీ జరగలేదు మరిదీ," అంది. "మా గంజి చల్లారేలోపు అక్కడికి వెళ్ళి రావచ్చు. ఆ బీరు కాచే చెయ్యి సిగ్రిద్‌ది, అదీ నాకు తెలుసు."

"అదేలే వదినా, ఇద్దరం కలిసి..."

"పోయిన ఏడు పండుగ పొద్దున్న గాలి నీ వైపు నుంచి మా వైపు వీచింది. నేను పాలు పితుకుతున్నాను. నువ్వు పీపా ముందు దీవెన చెప్పడం వినబడింది. క్రీస్తుకీ మరియమ్మకీ, మంచి పంటకీ శాంతికీ అన్నావు. అని ఆగావు. తర్వాత గొంతు బొంగురు చేసి 'అట్లే అగుగాక' అని నువ్వే అన్నావు. మళ్ళీ ఆగి, సన్నగొంతు పెట్టి ఇంకోసారి అన్నావు."

కేతిల్ నవ్వు ఆపేశాడు.

"ఆ సన్నగొంతు సిగ్రిద్‌దే," అంది రాన్‌వైగ్. "చెంబు కింద పెట్టి వింటూ నిలబడిపోయాను."

వాన చూరు మీద నుంచి ధారగా కారుతోంది. ఇద్దరూ నావంకే చూస్తున్నారు. పిలవకూడదు కదా, అందుకని వాళ్ళు చేయగలిగింది అదే. కేతిల్ చిన్నగా దగ్గి, "హావర్డ్ పీట ఇంకా మా కొట్టంలోనే ఉంది," అన్నాడు గోడతో.

నా నాలుక మీదికి మాట వచ్చింది. దంతాల దాకా వచ్చింది.

"అయినా రాజుగారి ఆజ్ఞ ఉండగా," అన్నాను, "దీవిని మళ్ళీ వెనక్కి లాగాలంటే ఎన్ని ఓడలు కావాలో తెలుసా?"

రాన్‌వైగ్ ముసుగు తలమీదికి లాక్కుని వానలోకి దిగింది. కేతిల్ కాసేపు నిలబడి, "జాగ్రత్త బాబాయ్, అల పెద్దదిగా ఉంది," అని వెళ్ళాడు. అల పెద్దదేం కాదు.

నేను ఇంటికొచ్చి మూడు పాళ్ళ యవలు తొట్టిలో నానబోశాను. పండుగకి ఇంకా పన్నెండు రోజులున్నాయి, అవతలి ఒడ్డు నా వాకిట్లోంచి కనిపిస్తూనే ఉంది. అడగడం మాత్రం నాకు ఇంకా రాలేదు.