ఫ్లాష్ వెయ్యని పెళ్ళి ఫొటో

"వాడు నిన్ను గుర్తుపట్టి చెయ్యి చేసుకుంటే?"

మనీలాలో, కియాపో కెమెరా దుకాణంలో, సంచీని గుండెలకు హత్తుకుని ఒక తల్లి కూతురిని అడిగింది. ఆమె కళ్ళకు అప్పుడే అంబులెన్సు కూడా కనిపిస్తోంది.

"చంటిపిల్లప్పుడే వదిలేసి పోయిన తండ్రి నన్నేం గుర్తుపడతాడు, నానాయ్? మా స్టూడియోకొచ్చిన పెళ్ళి ఆర్డరు. కెమెరా పట్టుకున్నదాని మొహం ఎవరు చూస్తారు?"

"ఉన్న లెన్సు చాలదూ?"

"ఆ చర్చి చీకటి గుయ్యారం. ఫాదరు ఫ్లాష్ వెయ్యనివ్వడు. పాతదాంతో తీస్తే మసగ్గా దెయ్యంలా వస్తాడు. రేపు కోర్టులో నేను కాదంటాడు."

"పోనీ, ఆ పొడుగుది?"

"దాంతో మొహమొక్కటే వస్తుంది, పక్కన పెళ్ళికూతురు రాదు. ఇదైతే చీకట్లోనూ చూస్తుంది. పెళ్ళివాళ్ళంతా పడతారు, కాస్త తిప్పితే వేలికున్న ఉంగరమూ పడుతుంది."

"జైల్లో పెడతారేమోనే వాణ్ణి!"

"పెట్టాలనేగా! విడాకుల్లేని దేశంలో, కట్టుకున్నదానివి నువ్వు బతికుండగా, బ్రహ్మచారినని చెప్పి పీటలెక్కుతున్నాడు. నీకు జాలేస్తే చెప్పు, ఇంటికి పోదాం."

తల్లి ఆ లెన్సును రెండు చేతులతో అందుకుంది. పసిబిడ్డంత బరువుంది.

"ఉంగరం తొడిగేటప్పుడు వాడు నవ్వుతాడు" అంది. "ఆ నవ్వు కూడా పడాలి. ఇదే తీసుకో."