కొండప్ప సైటుకు నాలుగు వేరు కాపురాలు

చింతామణిలో నేత్ర కంప్యూటర్ అంగడి. టెంకాయతో బోరు పాయింట్లు, అంటే నేలలో నీళ్లు పడే చోట్లు, చూసే కొండప్ప, తన వెబ్‌సైటు గూగుల్‌లో ముందు కనబడటం లేదని మండికల్ నుంచి వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"నా సైటును నాలుగు చెయ్యి నేత్రమ్మా. చిక్కబళ్లాపురం డాట్ అని ఒకటి, బాగేపల్లి డాట్ అని ఒకటి, చింతామణి డాట్ అని ఒకటి. యాడ వెతికినా ఫస్టు నేనే రావాల."

"మూడే చెప్పినారప్పా."

"నాలుగోది తర్వాత చెప్తా."

"బాగేపల్లిలో మీకు ఆఫీసుండాదా?"

"మా బామ్మర్ది ఉండాడు."

"ఆయన బోరు పాయింట్లు చూస్తాడా?"

"కోళ్ల ఫారం పెట్టుకోని ఉండాడు. అదంతా నీకెందుకమ్మా?"

"ఊరి పేరొకటి మార్చి మూడింట్లోనూ అదే రాత రాస్తే గూగుల్ నమ్మదప్పా. పైగా మీరడిగే ఈ సబ్‌డొమైన్ అంటే వేరు కాపురం. ఇంటి పేరు ఒకటే, పొయ్యి వేరు. ఒకచోట వచ్చిన మంచిపేరు ఇంకోచోటికి సరిగ్గా అందదు. అన్నీ ఒకే సైటులో పెడదాం. ఊరికొక ఫోల్డరు. ఒకే ఇంట్లో ఊరికొక రూము అనుకోండి."

"రూములొద్దు. కాపురాలే పెట్టు."

"నీళ్లకోసమని ఒకే పొలంలో నాలుగుచోట్ల యాభై అడుగులు తవ్వి వదిలేస్తారా?"

"వెర్రోళ్లు వదిలేస్తారు. ఒకటే వేసినా లోతుగా..."

"ఆఁ, చెప్పండి."

"అది బోరు. ఇది కంప్యూటర్."

"సరే. ఆ నాలుగోది ఏంది?"

"నా పెండ్లాము కెంపమ్మ పేరుతో ఒకటి."

"మీ ఇంట్లో అమ్మ పేరుతోనా? మంచిదే కదా."

"యాడ మంచిది! ఆమెను అందులోకి తోసేయాల. నా సైటులో ఆమె ఫోటో ఉండకూడదు."

"అమ్మ ఏం చేసిందప్పా?"

"గౌరిబిదనూరు రైతు ఫోన్ చేస్తాడు. 'అమ్మ వస్తాదా, నువ్వొక్కడివేనా' అంటాడు. నేనొక్కడినే అంటే పెట్టేస్తాడు. నేనేమన్నా ఆమె డ్రైవరునా?"

"టెంకాయ పట్టుకోని పొలమంతా తిరిగేది ఎవురు?"

"ఆమే."

"ఇక్కడ నీళ్లుండాయని చెప్పేది?"

"ఆమే. నేను... మాట్లాడతా."

"ఏం మాట్లాడతారు?"

"రాజకీయాలు. రైతుకు బోరు కొట్టకుండా."

"మీరొక్కరే ఎప్పుడన్నా చూసినారా?"

"నంది కొండ దగ్గర ఒకసారి చూస్తిని."

"ఏం పడింది?"

"దుమ్ము. ఆ మాట వదిలేయమ్మా."

"సరే. ఇట్ల చూడండి. మీ సైటుకు వచ్చేవాళ్లు గూగుల్‌లో ఏం కొట్టి వస్తాండారో."

"అద్దాలు తేలేదు. నువ్వే చదువు."

"'కెంపమ్మ బోరు పాయింట్'. 'టెంకాయ కెంపమ్మ'. 'కెంపమ్మ ఫోన్ నంబరు'."

"నా పేరు లేదా?"

"ఉండాది, కిందుండాది. 'కెంపమ్మ మొగుడు'."

"మొగుడనేది ఒక పేరా!"

"ఆమెను బయటికి తోస్తే మీ సైటుకొచ్చేది మీ బామ్మర్ది ఒక్కడే అప్పా."

"ఇప్పుడు ఫస్టు ఎవురొస్తాండారు? బోరు పాయింట్ అని కొట్టి చూడు."

"ఎందుకులేప్పా, ముందు మీ పేజీలు సరిచేసి..."

"కొట్టమంటి కదా."

"కొట్టినా. ఇదో."

"పైనుండేది ఏంది? పెద్దక్షరాలు చదవగలను. కెంపమ్మ... జల... జలధార! ఎవురమ్మా ఈ దొంగ పని చేసింది?"

"నేనే."

"నువ్వా! ఎవురు చేయమన్నారు?"

"అమ్మే. పోయిన నెల వచ్చింది."

"పోయిన నెల... ఉగ్గాని చేసేకి మరమరాలు తెస్తానని చింతామణికి వచ్చింది. మరమరాలు తెచ్చింది కూడా."

"ఆ పొద్దే."

"నాకొక మాటన్నా చెప్పలేదే. మూడు వేళలా ఒకచోటే తింటాం. నన్ను వదిలేసి సొంతంగా చేసుకుంటాదా? చెప్పు నేత్రమ్మా, నేనేమీ అనుకోను."

"అనుకుంటారు. కండ్లు తుడుచుకోండి ముందు."

"దుమ్ము పడింది."

"సరే, దుమ్మే. అప్పా, ఆ సైటు లోపల మీకూ ఒక పేజీ ఉండాది. అమ్మే మీ ఫోటో వేయించింది."

"నా ఫోటోనా? కింద ఏమో రాసినావే. ఏంది అది?"

"అమ్మ చెప్పిందే రాసినా. 'ఈయప్పను పిలవకుండా నన్నొక్కదాన్నే పిలిచేవాళ్లు ఫోన్ చేయొద్దు.'"