అయ్యవారి బస్సు ఆట

పుంగనూరు బస్టాండు ఎదురుగా మునెయ్య టీ కొట్లో కుప్పం బస్సు కోసం కాచుకున్న ఉష ముందు టీ చల్లారిపోతోంది. ఆమె చూపంతా దామోదర్ చేతిలోని క్యాసెట్టు మీదే ఉంది. అది పాటల క్యాసెట్టు కాదు. ఆమె పుట్టకముందు వాళ్ళ నాయన, లెక్కల అయ్యవారు ఆంజనేయులు, టీవీకి తగిలించే పాత కంప్యూటర్లో తానే రాసిన బస్సు ఆటను అందులో దాచుకున్నాడు. కంప్యూటరు ఎప్పుడో చెడిపోయింది. మొన్న పక్షవాతమొచ్చి మాట పడిపోయాక, ఆయన సైగ చేసి బీరువాలోంచి తీయించుకున్నది ఈ క్యాసెట్టే. ఇంకో కాపీ లేదు. టేపు తెగితే ఆట పోయినట్టే.

ముందు టేపును లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, ఆ పాత కంప్యూటరు వేషం కట్టే ఎమ్యులేటర్లో ఆడిస్తానని కుప్పంలో కంప్యూటర్లు బాగుచేసే దినేష్ చెప్పాడు. ఆ సంగతి ఎట్లా తెలిసిందో ఏమో, మదనపల్లెలో టీవీలు బాగుచేసే దామోదర్ కొత్త పెట్టె ఒకటి సంకలో పెట్టుకుని దిగబడి, దాన్ని బల్ల మీద పెట్టి, చూసిస్తానంటూ ఉష చేతిలోని క్యాసెట్టు లాక్కున్నాడు.

"లాప్‌టాప్‌లో ఆడేది ఉత్త వేషమమ్మా! ఇది సూడు, ఆ పాత మిషన్నే మళ్ళా కొత్తగా చేసినారు. పోయిన వారం మా ఇంట్లో ఆన్ చేస్తే టక్కున లేసింది."

"అంతేనా?" అన్నాడు మునెయ్య గ్లాసులు కడుగుతూ.

"అంతేనా అంటావేమప్పా! ఒక్క బటన్ నొక్కితే ఆ శబ్దం గుర్రంకొండ కోట దాకా పోయి తిరిగొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? క్యాసెట్టు పెడితే కీచుమని ఒక కూత పెట్టింది సూడూ, అది విని చౌడేపల్లె ఆవులన్నీ దూడలు లేకుండానే చేపి పాలు కార్చేసినాయి, బిందెలు సాలక జనం ట్యాంకరు పిలిపించుకున్నారు!"

అతని చేతిలో క్యాసెట్టు మరుగుతున్న పాల మీదుగా అటు పోయి ఇటు వచ్చింది. ఉషకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"అన్నా, జాగర్త!"

"నాకా సెప్తావు! ఇంకా విను. ఆటలో హారన్ కొడితే, కుప్పం రోడ్లో పొయ్యే నిజం బస్సు పక్కకు జరిగి దావ ఇచ్చింది. డ్రైవరు దిగొచ్చి దండం పెట్టి, నువ్వే తోలు సామీ అన్నాడు. తోలితే ఏముండాది, జనంతో సహా బస్సు టీవీలోకి దూరిపాయ! గుడుపల్లె కాడ బయటికి దించినాను, ఒక్కరి టికెట్టు కూడా నలగలేదు."

అందరూ నవ్వారు. ఉష నవ్వలేకపోయింది. దామోదర్ వేలు తగిలి క్యాసెట్టులోంచి టేపు ఒక చుట్టు జారి వేలాడుతోంది. ఇంట్లో నాయన మంచం మీద వాకిలివైపే చూస్తూ ఉంటాడు. ఆమెకు నిజంగా భయమేసింది. బల్ల మీది పెట్టెను తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"అన్నా, క్యాసెట్టు ఆడించే టేప్‌రికార్డరు వైరు దీంట్లో యాడ పెడతారు?"

దామోదర్ పెట్టె అందుకున్నాడు. టీవీ వైరుకు చోటుంది, కరెంటుకుంది, పెన్‌డ్రైవుకుంది. మళ్ళీ తిప్పాడు.

"ఆటలు ముందే ఎక్కించి ఇస్తారమ్మా... లోపల ఉండేది గూడా ఎమ్యులేటరే..."

"మరి ఆవులు యా కూతకు చేపినాయన్నా?"

 ఉష చెయ్యి చాపితే దామోదర్ క్యాసెట్టు ఇచ్చేశాడు. ఆమె చక్రంలో పెన్ను పెట్టి, జారిన టేపును మెల్లగా లోపలికి చుట్టుకుంది.

రోడ్డు మీద కుప్పం బస్సు హారన్ కొట్టింది. ఉష బ్యాగు తగిలించుకుని లేచింది. దామోదర్ ఇంకా పెట్టె తిప్పుతూ దారికి అడ్డంగానే నిలబడి ఉన్నాడు.

"దామోదరప్పా," అన్నాడు మునెయ్య, "నిజం బస్సు వస్తాండాది, నువ్వే పక్కకు జరుగు."