తేలిన నారు

"అమ్మమ్మా, నా టీంల ఒక పిల్ల మస్తు మెల్లగ పనిచేస్తది. తీసేద్దామని రేపు సార్‌కు నేనే చెప్పాలె. నువ్వు నాట్లేసే ముఠాకు పెద్దగున్నవు గదా, నువ్వైతే ఏం చేసేదానివి?"

ఏం చేస్త? తీసేసిన. కూసో, చెప్త. మోకాళ్లు గుంజుతున్నయి, జెర ఆ మెత్త ఇటియ్యి.

పదమూడు మందిమి. కాదు కాదు, మీ పెద్దమ్మ గప్పుడు కడుపుతోటున్నది, రాలే. పన్నెండే. మర్కూక్ దిక్కు ఒకాయన పొలం. మాల ఎల్లవ్వ అని ఒకామె ఉండె. మడిల కాలు పెట్టంగనే అన్నది, "అక్కా, బురద ఇంక పలసగున్నది. ఒక్కపూట కుదురుకోనియ్యి, లేకుంటే నారు నిలవది" అని. నాకు సర్రుమన్నది. "ముఠాకు పెద్దను నేనా, నువ్వా?" అన్న. అందరు కిసకిస నవ్విన్రు. ఆమె నారు కట్ట అందుకున్నది.

మేము దబదబ వేసుకుంట పోతున్నం. ఆమె ఒక్కొక్క మొక్కను లోతుకు పెట్టి ఏలుతోటి ఒత్తుతున్నది. మేము గట్టెక్కినా ఆమె నడిమిట్లనే. "ఏందే, నారుకు జోలవాడుతున్నవా?" అన్నరెవరో. నేనింక అందరి ముందట, "రేపటి సంది రాకు" అన్న.

మూడోనాడు పొలమాయన ఇంటిమీదికొచ్చిండు. పోయి చూస్తే, నీళ్లు పెట్టంగనే నారంత తేలింది బిడ్డా, నీళ్లమీద గడ్డి తీరు. ఎల్లవ్వ నాటినంత జాగ ఒక్కటే నిటారుగ నిలవడ్డది.

గప్పుడు ఒక్కొక్కలు అంటున్నరు, "మాకూ అనుమానమే ఉండె అక్కా" అని. మరి చెప్పకపోతిరేందే? "చెప్తే మమ్ముల గూడ రాకుమంటవని." ఇగ చూడు! నా ముందట భయపడుకుంట తప్పుపని చేసిన్రు. గది ముఠానా? మందిని తిట్టి పనిచేయించుకునుడే పెద్దరికం అనుకున్న నేను.

ఎల్లవ్వ ఇంటికి పోయిన. "తప్పైంది, రా" అన్న. వచ్చింది. మాతోటి మళ్ల నాటింది, సద్ది పంచుకున్నది, నవ్వింది గూడ. కానీ పని సంగతి మళ్ల ఒక్కమాట చెప్పలే. ప్రతి మడికాడ నేనే అడుగుదు, "ఎట్లున్నదే బురద?" అని. "నువ్వే చూడక్కా" అంటుండె. సచ్చేదాక గంతే.

రేపు సార్ కాడికి పోయేముందు ఆ పిల్ల పక్కకు పోయి కూసో. ఎందుకు మెల్లగైతున్నదో అడుగు. అడిగి నువ్వు ఊకో, ఆమెను చెప్పనియ్యి. నాలెక్క ఆలిస్యం చెయ్యకు... సల్లగుండు బిడ్డా.