రెండు మందులు కలిపిన చేను

నారాయణఖేడ్ శివారులో పూతకొచ్చిన అన్న కందిచేను నిలువునా మాడిపోయింది. హైదరాబాదు ప్రయోగశాలలో ఉత్ప్రేరకాల మీద పరిశోధన చేసే తమ్ముడు బస్సు దిగి నేరుగా చేనుగట్టు మీదికే వచ్చాడు. ఆకు తుంచితే వేళ్ళ మధ్య పొడైంది.

"ఏం కొట్టినవే అన్నా?"

"పురుగుకు ఒక మందు కొడితే చావలే. ఇంకోటి కొట్టిన, చావలే. ఇగ రెండూ కలిపి కొట్టిన."

"కలపమని ఎవరు చెప్పిండ్రు?"

"నువ్వే. విడివిడిగ పనికిరాని రెండు లోహాలు కలిపితే, పాలల్ల తోడేసినట్టు పని జల్దీ అయిందని దసరాకొచ్చినప్పుడు చెప్పలేదా? ఎంత సంబురపడుకుంట చెప్పినవు!"



"అన్నా, గా ఒక్క జత వరుసపెట్టి వందల జతలు కలిపి చూస్తే దొరికింది. తక్కినయన్నీ పారబోసినం."

"గా ముచ్చట చెప్పకపోతివి."

అన్న గట్టు మీద కూర్చున్నాడు.

"యాడ కలుపుతరు మీరు?"

"గాజు గొట్టాలల్ల. చిటికెనవేలంత ఉంటయి."

"ఖరాబైతే?"

"కడిగి ఇంకో జత పోస్తం."

అన్న మాడిన సాళ్ళ వైపు చూస్తూ తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"నాకున్న గొట్టం గిదొక్కటే తమ్మి."