రెండు సంతకాలు

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రానికి దక్షిణాన, మూడేళ్లుగా సరైన వాన పడని చిన్న ఊరు. అక్కడున్న ఒకే ఒక్క దుకాణంలోకి గ్రామ ఆఫీసు నడిపే తెలుగమ్మాయి వచ్చి, కౌంటర్ వెనకున్న తెలుగు షాపాయన ముందు ఒక ఫారం పెట్టింది.

“అంకుల్, నాలుగింటికి నామినేషన్లు క్లోజ్. కౌన్సిల్‌కి ఇంకొక్కరు తక్కువ. ఎవరూ నిలబడకపోతే ఊరి కౌన్సిల్‌ని రద్దు చేసి చుట్టూ ఉన్న రూరల్ మునిసిపాలిటీలో కలిపేస్తారు.”

“కలపనీ అమ్మా. ముప్పై ఎనిమిది మందికి కౌన్సిల్ దేనికి?”

“కలిపితే నీళ్ల ప్లాంటు మూసేస్తారు. నీళ్లు లేని ఊళ్లో మీ దగ్గర బ్రెడ్ కొనేదెవరు?”

“లెక్క బాగానే కట్టావు. సరే, నిలబడతా. సంతకం ఎక్కడ?”

“మీది ఇక్కడ. మిమ్మల్ని ప్రపోజ్ చేస్తూ ఇద్దరు ఊరి ఓటర్లు కింద పెట్టాలి.”

“ఒకటి నువ్వు పెట్టు.”

“ఫారం తీసుకునేదాన్ని నేనే, నాది చెల్లదు. పదకొండేళ్లుగా ఉన్నారు, ఇద్దరు దొరకరా?”

“ఎవరికి ఏ సూప్ డబ్బా కావాలో చూడకుండా చెప్తా. కానీ ఒక్కరి గుమ్మం ఎక్కలేదు. వాళ్లొస్తారు, నేను అమ్ముతా, అంతే.”

“ఇవాళ ఎవరొచ్చారు?”

“పొద్దుట్నుంచి నువ్వొక్కదానివే.”

“అయితే కొట్టు మూసి బయల్దేరండి. ఎదురింటి డోరతీ గారు ఇంట్లోనే ఉన్నారు.”

“పగలు ఎప్పుడూ మూయలేదు. తాళం ఎక్కడుందో.”

“అదిగో, మీ వెనక మేకుకే ఉంది.”

“ఆవిడ తలుపు తీశాక ఏమనాలి?”

“పాలు అయిపోయాయా అని మాత్రం అడక్కండి.”

“అది తప్ప ఆవిడని ఇంకేం అడగాలో నాకు తెలీదమ్మా.”